నెల రోజుల చదువు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒక నెల పాటు కొన్న పుస్తకాలు, చదివిన పుటలు, కొత్తగా నేర్చుకున్న మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకొని, అందులో తేలిన సందేహాలను పంపవలసిందిగా రెండు సంచికల కిందట ఈ శీర్షికలో కోరాను. ఉత్తరాలు ఎక్కువగా విశాఖపట్నం నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చాయి. వాటిలో ఐదింటిని ఈసారి తీసుకున్నాను. మొదటి జవాబు తక్కినవాటికంటే చాలా పెద్దదయింది; ఆ పాఠకురాలి అవసరం అటువంటిది కాబట్టి దానిని కుదించలేదు.

ప్రశ్న: కింగ్ జార్జి ఆసుపత్రికి దగ్గరలో ఒక మందుల దుకాణంలో పనిచేస్తున్నాను. కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి వైపు నుంచి వచ్చే రోగుల బంధువులు రోజూ చీటీలు పట్టుకొని వస్తారు. వారిలో చాలామందికి తెలుగు రాదు, నాకు ఒడియా రాదు. నేర్చుకుందామని గత నెల ఒకటో తేదీన నిశ్చయించుకొని ఒక వ్యాకరణం, రెండు నిఘంటువులు, ఒక సంభాషణల పుస్తకం, ఒక కథల సంపుటి కొన్నాను. దానితోపాటు తెలుగులో ఆరు పుస్తకాలు చదవాలనుకొని నాలుగు కొన్నాను. నెలాఖరుకు తెలుగులో ఒకటిన్నర పుస్తకం అయింది, ఒడియా అక్షరాలు సగం కూడా రాలేదు. రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరను. ఎక్కడ పొరపాటు జరిగింది? (ఒక పాఠకురాలు, మహారాణిపేట)

జవాబు: అమ్మా, ముందుగా లెక్క చూద్దాం. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే మనిషికి చదువుకోవడానికి రోజుకు గంట దొరకడమే గొప్ప. నెలకు ముప్పై గంటలు. అందులో సగం ఒడియాకు తీసేస్తే తెలుగుకు మిగిలేవి పదిహేను గంటలు. శ్రద్ధగా చదివేవారు గంటకు పాతిక పుటలు చదువుతారనుకున్నా మొత్తం 375 పుటలకు మించదు. అంటే ఓ మోస్తరు పుస్తకాలు రెండు. మీరు ఒకటిన్నర చదివారు. మీ చదువులో లోపమేమీ లేదు, లోపం మీ పద్దులో ఉంది. తొమ్మిది పుస్తకాలు మొదటి వారంలోనే ఇంటికి వచ్చేశాయి, వాటిని చదవడానికి కావలసిన కాలం రాలేదు. కొనుగోలు ఎప్పుడూ చదువు వెనకాలే నడవాలని నేను నమ్ముతాను. వ్యాకరణం లేక చదువు ఆగిపోయిన రోజున వ్యాకరణం కొనాలి. ఒకే నిఘంటువులో పది మాటలు దొరకకపోయిన తరువాతే రెండోది కొనాలి.

ఇక ఒడియా సంగతి. ఉన్న ఐదు పుస్తకాలనూ బీరువాలో పెట్టి, ఒడిశా బడులలో చదివే ఒకటో తరగతి వాచకం ఒక్కటి తెప్పించుకోండి. నేను ఒడియా అక్షరాలు దిద్దింది ఉద్యోగ విరమణ తరువాత, అటువంటి వాచకంతోనే. తెలుగువారికి ఒక గొప్ప సౌకర్యం ఉంది. వర్ణమాల వరుస దాదాపు మనదే: అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ ఙ. కాబట్టి నేర్చుకోవలసింది ఆకారాలనే గాని క్రమాన్ని కాదు. రెండు లిపులూ గుండ్రనివే. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది గనుక అక్షరాలు వంపులు తిరిగాయని చెబుతారు. అయితే మన అక్షరాలకు తలకట్టు పైన ఉన్నట్టే అక్కడ చాలా అక్షరాలకు పైన గొడుగు వంటి వంపు ఒకేలా ఉంటుంది, తేడా అంతా కింది భాగంలో ఉంటుంది. మన కన్ను అలవాటుగా పైభాగం చూస్తుంది. అక్షరం అడుగు చూడడం కంటికి నేర్పితే సగం పని అయినట్టే. నిండు సున్నా కనిపిస్తే మనం సున్నా అనే చదువుతాం. అక్కడ అది అంకెలలో సున్నాయే గాని అక్షరాలలో ‘ఠ’.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపింది ఏత్వం. ‘ఎంత’ అనడానికి ఒడియాలో ‘కేతే’ అంటారు. తెలుగులో ఏత్వం క మీద కూర్చుంటుంది. ఒడియాలో ఏత్వపు గుర్తు ముందు వస్తుంది, దాని తరువాత క వస్తుంది; మళ్లీ గుర్తు, మళ్లీ త. మూడు రోజుల పాటు నేను ఆ గుర్తును దానికి ముందున్న అక్షరానికి తగిలించి చదివి, అర్థం కాని మాటలు పోగు చేసుకున్నాను. ఓత్వం అయితే అక్షరానికి ఇరువైపులా నిలుస్తుంది. ఈ ఒక్క విషయం మీద రెండు సాయంత్రాలు ఖర్చుపెట్టండి. తరువాత వాచకంలోని మాటలు బిగ్గరగా చదవండి. హిందీలో ‘ఘర్’ అని హల్లుతో ముగిసే మాటను ఒడియావారు ‘ఘర’ అని అచ్చుతో ముగిస్తారు, అది అజంత భాష మాట్లాడే మన నాలుకకు సుఖంగా ఉంటుంది. ళ, ణ అక్షరాలు కూడా మనకున్నట్టే ఉన్నాయి. కాకపోతే వారి ‘అ’ ఒ వైపుకు గుండ్రంగా తిరుగుతుంది. ‘జళ’ అని రాసింది మన చెవికి ‘జొళొ’ అని వినిపిస్తుంది. శ, ష, స మూడూ వారి నోట దాదాపు ‘స’గానే పలుకుతాయి, వ తరచుగా ‘బ’ అవుతుంది.

అక్షరాలు వచ్చాక కథల సంపుటికి పోవద్దు. మీ దుకాణం బల్ల దగ్గర రోజూ పలికే వాక్యాలు ఎన్నో రెండు రోజులు లెక్కపెట్టండి. ఇరవై దాటవని నా అంచనా. వాటినే నేర్చుకోండి. ‘బసంతు’ అంటే కూర్చోండి. ‘ఆసంతు’ అంటే రండి. మర్యాదగా చెప్పే క్రియ చివర ఈ ‘-అంతు’ చేరుతుంది, ‘మీరు’ అనడానికి ‘ఆపణ’ అంటారు. ‘కేతే దిన హేలా?’ అంటే ఎన్ని రోజులయింది అని. ‘ఖాఇబా ఆగరు’ అంటే తినక ముందు, ‘ఖాఇబా పరే’ అంటే తిన్న తరువాత. ‘దినకు దుఇ థర’ అంటే రోజుకు రెండు సార్లు. క్రియకు ఆడ, మగ తేడా లేదు; ‘సే ఆసుఛి’ అంటే వస్తున్నాడు అనీ, వస్తోంది అనీ. హిందీలో లింగభేదంతో అవస్థపడినవారికి ఇది పెద్ద ఊరట.

పోలికలు తెచ్చిపెట్టే ప్రమాదాలను కూడా మీ వృత్తిలో గుర్తుంచుకోవాలి. ‘పాణి’ అంటే మనకు చేయి, వారికి నీళ్లు. ‘పేట’ అంటే మనకు మహారాణిపేట, వారికి కడుపు. ‘సకాళ’ అంటే ఉదయం, సకాలం కాదు. ఒక పెద్దాయన వచ్చి ‘ముండ బింధుఛి’ అంటే తెలుగువారి చెవికి ఘోరమైన తిట్టు వినిపిస్తుంది. పాపం ఆయన చెప్పింది తల నొప్పి పెడుతోందని. ఆ ఒక్క మాట తెలియక ఏ బల్ల దగ్గరైనా ముఖాలు మాడవచ్చు, తెలిసినవారు ఒకరుంటే మాత్ర అందుతుంది. మీరు ఒడియా నేర్చుకోవాలనుకోవడం నాకెంతో గౌరవంగా తోచింది అందుకే. ఒక హెచ్చరిక కూడా చేస్తున్నాను: మందు మోతాదు విషయంలో మాత్రం, వచ్చీరాని భాషను నమ్ముకోవద్దు. మాట గట్టిగా వచ్చేదాకా అట్ట మీద సూర్యుడినో చంద్రుడినో గీసి చూపించి, రెండు భాషలూ తెలిసిన మనిషితో సరిచూసుకోండి.

ఇంకొక సంగతి. కొరాపుట్ వైపు వారు మాట్లాడేది పుస్తకాల ఒడియా కాకపోవచ్చు. అక్కడ ‘దేశియా’ అనే ప్రాంతీయ రూపం ఊళ్లమధ్య వాడుక భాష. కొండ ఊళ్ల నుంచి వచ్చేవారిలో కొందరికి ఇంటిభాష కువి. అది తెలుగుతో పాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినది, అంటే ఒడియాకంటే మనకే దగ్గరి చుట్టం. మరి కొందరిది సవర. కాబట్టి మీకు వినిపించిన మాట వాచకంలో లేకపోతే అది తప్పు మాట అనుకోవద్దు. విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసుకొని, పక్కన ఎవరు, ఏ ఊరివారు అన్నారో వేయండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు సవర భాషకు చేతికందిన పుస్తకం ఏదీ లేదు. ఆ భాష తెలిసినవారిని ఇంట్లో ఉంచుకొని, అడిగి, విని, రాసుకొని నేర్చుకున్నారు. 1931లో వచ్చిన వారి సవర వ్యాకరణానికి, 1938లో వచ్చిన నిఘంటువుకు మూలధనం అలా సమకూరింది. మందుల కోసం ఎదురుచూస్తూ అరగంట నిలబడే బంధువులు మీకు గురువులు. అడగండి, సంతోషంగా దిద్దుతారు.

ఒడియా సాహిత్యం ఎప్పుడు అని మీరు రేపు అడుగుతారు. గురజాడ కన్యాశుల్కం తొలి కూర్పు అచ్చయిన 1897లోనే అటువైపు ఫకీర్ మోహన్ సేనాపతి ‘ఛమాణ ఆఠగుంఠ’ ధారావాహికగా మొదలయింది. అది రైతు భూమి పోగొట్టుకున్న కథ, పల్లె నుడికారంతో నిండిన నవల. మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు. మన విశాఖలోనే ఉండి పురిపండా అప్పలస్వామిగారు ఒడియా నుంచి తెలుగులోకి ఎన్నో రచనలు తెచ్చారు. ముందు అటువంటి అనువాదాలు గ్రంథాలయంలో చదవండి. కథ తెలిసిన తరువాత మూలం పట్టుకుంటే నిఘంటువు తెరవవలసిన అవసరం సగానికి సగం తగ్గుతుంది.

ప్రశ్న: ఉక్కు కర్మాగారంలో పనిచేసి విరమించాను. నెలకు రెండు వేల రూపాయలు పుస్తకాలకు కేటాయించుకున్నాను. మీరు చెప్పినట్టు లెక్క రాస్తే, ఏడాదిలో కొన్నవాటిలో మూడో వంతు కూడా చదవలేదని తేలింది. ఇక కొనవద్దని ఇంట్లో వారు గట్టిగా అంటున్నారు. మానేయడమే న్యాయమా? (ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: కొనుగోలు చదువు వెనకాల నడవాలని పైన చెప్పినప్పటికీ, మీకు మానేయమని చెప్పను. తెలుగు పుస్తకాల పరిస్థితి వేరు. చాలా పుస్తకాలు 1000 ప్రతులు వేస్తారు, ఇటీవల కొన్ని 500 మాత్రమే వేస్తున్నారు. అవి అయిపోతే మళ్లీ అచ్చు ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. చిన్న పత్రికల కథల ఎంపికలు, ఉత్తరాంధ్ర రచయితల సంపుటాలు, ఒక వృత్తి మీదనో ఒక ఊరి మీదనో వచ్చిన పుస్తకాలు కనిపించినప్పుడు కొనుక్కోవలసిందే, చదవడం రెండేళ్ల తరువాత అయినా సరే. ఎప్పుడూ మార్కెట్లో ఉండే ప్రసిద్ధ రచనలు మాత్రం చదవబోయే ముందు రోజు కొన్నా దొరుకుతాయి. వాటిని ముందుగా తెచ్చి పేర్చుకోవడమే మీ అలమరను నింపి ఉంటుంది. మీ జాబితాను ఈ రెండు వరుసలుగా విడదీసి చూడండి. ఇంట్లో వారికి కూడా చూపించండి. వారి అభ్యంతరం డబ్బు మీదకంటే చోటు మీదనే ఎక్కువ ఉంటుందని నా అనుభవం.

మరొక సంగతి: ఆస్తి పన్నుతో పాటు మనందరం గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అంటే గ్రంథాలయంలోని పుస్తకాలకు మన డబ్బు ముందే ముట్టింది. జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది, ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. ఒక రచయిత పేరు విని కుతూహలం పుట్టినప్పుడు అక్కడ కూర్చొని ముప్పై పుటలు చదవండి. ముప్పై ఒకటో పుట చదవాలని మనసు లాగితే కొనండి. నేను ఈ నియమం పెట్టుకున్న తరువాత నా నెలవారీ కొనుగోలు దానంతట అదే సగమయింది, కొన్నవాటిలో చదవనివి దాదాపు లేవు.

పాత పుస్తకాలు కొనేటప్పుడు ఒక్క నిమిషం ఓపిక పట్టండి. మన పుస్తకాలు సాధారణంగా పదహారు పుటల ఫారాలుగా అచ్చయి, ఆ ఫారాలను కుట్టి బైండు చేస్తారు. పుట పోయిందంటే తరచుగా ఫారం మొత్తం పోయి ఉంటుంది, లేదా ఒకే ఫారం రెండుసార్లు కుట్టి ఉంటుంది. కాబట్టి 16, 32, 48 ఇలా పదహారేసి చొప్పున పుటల సంఖ్యలు తిప్పి చూస్తే చాలు, ప్రతి పుటా తిప్పనక్కరలేదు. జగదాంబ వైపు ఒక పాత పుస్తకాల కొట్టులో ముచ్చటపడి కొన్న పదకోశంలో ప-వర్గం మధ్యలో ఒక ఫారం లేదని నాకు ఇంటికి వచ్చాకే తెలిసింది. ‘పుట’ అనే మాటే అందులో లేకుండా పోయింది. గ్రంథాలయం ముద్ర ఉండి, దానిని రద్దు చేసిన గుర్తు లేకపోతే ఆ పుస్తకం ఎంత చవక అయినా తీసుకోకండి, అది ఇంకొక చదువరిది.

ప్రశ్న: ఇంగ్లీషు మాధ్యమంలో చదువుకున్నాను. తెలుగు చదవగలను గాని గంటకు ఎనిమిది పుటలే సాగుతున్నాయి. తెలియని మాట వచ్చిన ప్రతిసారీ ఫోనులో వెతుకుతుంటే కథ మరచిపోతున్నాను. వదిలేసి ముందుకు పోతే నేర్చుకున్నది ఏమీ లేదనిపిస్తోంది. (ఒక విద్యార్థిని, మధురవాడ)

జవాబు: మొదటిసారి చదివేటప్పుడు వెతకవద్దు. మాట పక్కన పెన్సిలుతో చుక్క పెట్టి ముందుకు పోండి, కథ పూర్తయ్యాక వెనక్కి వచ్చి చుక్కలన్నీ చూడండి. చాలా చుక్కలకు అర్థం కథే చెప్పేసి ఉంటుంది. మిగిలిన వాటిని మాత్రమే నిఘంటువులో వెతకండి. పొడవైన నవలతో మొదలుపెట్టవద్దు. 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ పావుగంట, ఇరవై నిమిషాలలో పూర్తయ్యే కథ. ఒకే కథను వారంలో మూడుసార్లు, అందులో ఒకసారి గొంతెత్తి చదివితే వేగం పెరగడం మీకే తెలుస్తుంది.

నిఘంటువు ఒక్కటే సరిపోని చోట ఇంట్లో పెద్దలను అడగండి. ‘గుంట’ అన్న మాట తీసుకోండి. నిఘంటువు గొయ్యి అని చెబుతుంది. తెలంగాణ రైతుకు అది ఎకరంలో నలభయ్యో వంతు నేల. ఉత్తరాంధ్ర పల్లెలో ‘గుంటడు’ అంటే కుర్రవాడు, ‘గుంట’ అంటే చిన్నపిల్ల. సరిహద్దు దాటి ఒడిశాకు పోతే, పైన చెప్పిన నవల పేరులోని ‘గుంఠ’ మళ్లీ నేల కొలతే, కాని అక్కడ ‘మాణం’ అనే నేల కొలతకు ఇరవై ఐదు గుంఠలు. అలాగే ‘బుగత’ అన్న మాట మన వైపు కథలలో వస్తే, అది ఊళ్లో భూమి ఉన్న ఆసామి అని మీ అమ్మమ్మగారు నిఘంటువుకంటే వేగంగా చెబుతారు. ఆమె చెప్పేటప్పుడు ఆ మాటతో వచ్చే మరో నాలుగు మాటలు కూడా రాసుకోండి. గంటకు ఎనిమిది పుటలంటే చిన్నబుచ్చుకోవద్దు. మీ ఉత్తరం మూడు పుటలు తెలుగులో చేత్తో రాసి పంపారు, అందులో నేను దిద్దవలసిన చోట్లు రెండే కనిపించాయి.

ప్రశ్న: సముద్రానికి దగ్గరగా ఉంటాం. కొత్తగా కొన్న పుస్తకాలు కూడా వానాకాలానికి ఉబ్బి, వాసన వేస్తున్నాయి. సన్నని వెండి రంగు పురుగులు కనిపిస్తున్నాయి. కలరా ఉండలు వేస్తే సరిపోతుందా? (ఒక గృహిణి, లాసన్స్ బే కాలనీ)

జవాబు: కలరా ఉండలు వాసనను కప్పుతాయి గాని తేమను తీయలేవు, మూసిన గదిలో వాటి గాలి మనుషులకూ మంచిది కాదు. ఆ పురుగులకు బైండులోని గంజి, జిగురు ఆహారం, తేమ నివాసం. తేమ పోతే అవీ పోతాయి. అలమరను గోడకు ఆనించకుండా బెత్తెడు ఎడంగా జరపండి. పుస్తకాలను బిగించి పేర్చకుండా, వేలు దూరేంత వదులుగా నిలబెట్టండి. పొడి గాలి ఉన్న రోజుల్లో తలుపులు తెరిచి, నెలకు ఒకసారి ప్రతి పుస్తకాన్నీ చేతిలోకి తీసుకొని పుటలు గలగల తిప్పండి. ఎండలో పరచవద్దు, కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. పాత కొట్టులో కొన్నదాన్ని వెంటనే తక్కిన వాటితో కలపకుండా వారం రోజులు విడిగా ఉంచి చూడండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దం పగిలి రెండు అరల పుస్తకాలు తడిసిపోయాయి. కరెంటు లేదు, పంకా లేదు. మామూలు కాగితంతో అచ్చయినవాటిని పుటల మధ్య శుభ్రమైన తెల్ల కాగితాలు పెట్టి, వాటిని గంటగంటకూ మారుస్తూ, పుస్తకాన్ని విసనకర్రలా తెరిచి నిలబెట్టి ఆరబెట్టాము. ఉబ్బిపోయినా నిలిచాయి. నున్నని మెరుపు కాగితంతో ఉన్న బొమ్మల పుస్తకాలు మాత్రం ఆరేసరికి అట్టకట్టి ఒకే పలకగా మారాయి. అటువంటి కాగితం తడిగా ఉన్నప్పుడే పుటలు విడదీయాలని అప్పటికి నాకు తెలియదు. మీ ఇంట్లో అటువంటి పుస్తకాలుంటే కిటికీ వైపు అలమరలో కాకుండా లోపలి గదిలో, నేలకు మూరెడు ఎత్తున పెట్టండి.

ప్రశ్న: అందరినీ లెక్క రాయమన్నారు. మీరు రాశారా? రాస్తే ఆ నెల మీ పద్దు చెప్పగలరా? (ఒక పాఠకుడు, భీమిలి)

జవాబు: రాశాను. కొన్నవి రెండు. ఒకటి ఉత్తరాంధ్ర కథల సంపుటి. చిన్న ప్రచురణ గనుక కనిపించినప్పుడే తీసుకున్నాను. రెండోది ఒడిశా బడుల రెండో తరగతి వాచకం. దానికోసం పొద్దున రైలెక్కి బరంపురం వెళ్లాను. అసలు కారణం పుస్తకం ఒక్కటే కాదు. ఇచ్ఛాపురం దాటిన తరువాత స్టేషన్ల పేరుపలకల మీద తెలుగు పోయి ఒడియా వస్తుంది. బండి ఆగేలోపు ఆ పేరు చదవగలనా అని నన్ను నేను పరీక్షించుకోవాలనిపించింది. వెళ్లేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల సాయం లేకుండా ఒక్క పలక కూడా పూర్తిగా చదవలేకపోయాను, జోడక్షరం వచ్చిన చోటల్లా ఆగిపోయాను. తిరిగి వచ్చేటప్పుడు అవే పలకలను వెనక నుంచి ముందుకు చూస్తూ మూడు చదివాను. పక్కన కూర్చున్న ఒడియా ఆవిడ నా పెదవులు కదలడం చూసి, నేను పలికిన ‘బ్రహ్మపుర’లో అచ్చులు తన పలుకుకు దగ్గరగా గుండ్రంగా తిప్పించి, మూడుసార్లు నాచేత అనిపించారు. చదువుల పద్దులో ఆ నెల అన్నిటికంటే విలువైన గంట అదేనని నోటుపుస్తకంలో రాసుకున్నాను.

తెలుగులో చదివినవి మూడు పుస్తకాలు, కలిపి 540 పుటలు. వాటిలో ఒకటి గ్రంథాలయంలోది, రెండు రోజులు ఆలస్యంగా తిరిగి ఇచ్చాను. సగంలో వదిలేసినది ఒకటి. దానిని చదవలేకపోవడానికి కారణం పుస్తకం కాదు, ఆ వారం ఇంట్లో జ్వరాలు. కాబట్టి వదిలేసిన జాబితాలో వేయకుండా గుర్తు పెట్టి పక్కన ఉంచాను. ఒడియాలో అర్థం చూసుకోకుండా గుర్తుపట్టగల మాటలు నెల మొదట్లో 110 ఉండేవి, నెలాఖరుకు 163 అయ్యాయి. రోజుకు రెండు మాటలు కూడా లేవు. అయినా వాటిలో దాదాపు అన్నీ ఎక్కడ, ఎవరి నోట విన్నానో చెప్పగలను.

రెండో తరగతి వాచకంలో పదిహేడో పుట దగ్గర ఆగాను. ఒక పిల్లవాడు కొబ్బరిచెట్టు కింద నిలబడి పైకి చూస్తున్న బొమ్మ ఉంది అక్కడ. బొమ్మ కింద మొదటి మాట ‘నడియా’, అంటే కొబ్బరికాయ, అది చదివాను. తరువాతి మాటలో ఒక జోడక్షరం ఉంది, అది ఇంకా విడలేదు. ఈ నెల ఒకటో తేదీన అక్కడి నుంచే మొదలుపెట్టాను.